జీలుగు జావ తాగిన దొర

మన గోడ పత్రికలో గాంధీగారి గురించి, అల్లూరి సీతారామరాజుగారి గురించి ముందే రాసేశారు. అందుకని ఈసారి నేను మొక్కల డాక్టరు విలియం రాక్స్‌బర్గ్ గారి జీవిత చరిత్ర రాస్తున్నాను. ఈయన గురించి నాకు ఎలా తెలిసిందో ముందు చెప్తాను. అందులో నా తప్పు కూడా ఒకటి ఉంది.

సంక్రాంతి సెలవులకి ముందు మమ్మల్ని ఎక్స్‌కర్షన్‌కి సామర్లకోట, ద్రాక్షారామం తీసుకెళ్ళారు. రెండూ పంచారామాల్లోవే. ద్రాక్షారామంలో భీమేశ్వరస్వామి దర్శనం అయ్యాక గుడి బయట తంపటి వేసిన తేగలు కొనుక్కుని అరుగు మీద కూర్చున్నాం. వేరే ఊరి స్కూలు పిల్లలు కూడా వచ్చారు. వాళ్ళలో ఒకమ్మాయి నన్ను మీ కొండల్లో ఏం తింటారని అడిగింది. నేను అన్నం, పప్పు అని చెప్పేశాను. జీలుగు పిండి జావ సంగతి చెప్పలేదు. నవ్వుతుందేమోనని సిగ్గేసింది. కానీ నా చిన్నప్పుడు వానాకాలంలో ఇంట్లో గింజలు అయిపోతే మా అవ్వ నాకు పోసింది ఆ జావే.

పక్కనున్న మా జీవశాస్త్రం సారు విన్నారు. అక్కడ ఏమీ అనలేదు. బస్సు ఎక్కాక అందరికీ ఈ కథ చెప్పారు.

రాక్స్‌బర్గ్ గారు 1751లో స్కాట్లాండులోని ఎయిర్‌షైర్‌లో జన్మించారు. ఎడింబరోలో వైద్యం చదువుతూ, జాన్ హోప్ అనే ఆచార్యుని దగ్గర మొక్కల శాస్త్రం నేర్చుకున్నారు. ఈస్టిండియా కంపెనీ ఓడల మీద పనిచేసి, 1776లో మద్రాసు ఆసుపత్రిలో చేరారు. ఆయనకి ఒక మంచి అలవాటు ఉంది. రోజుకి మూడుసార్లు ఎండ, గాలి, వాన సంగతులు కొలిచి పుస్తకంలో రాసుకునేవారు.

1781లో ఆయన్ని సామర్లకోటకి పంపారు. అప్పటికి ధవళేశ్వరం ఆనకట్ట లేదు. అది 1852లో పూర్తయింది. మనం బస్సులోంచి చూసిన కాలవలు, పచ్చని చేలు అప్పుడు ఇలా లేవు. వాన పడితే పంట, లేకపోతే పస్తు.

సామర్లకోటలో ఆయన ఒక తోట వేశారు. అందులో మిరియాలు, కాఫీ, దాల్చినచెక్క, సీమపనస లాంటివి పెంచి చూశారు. మన కొండల్లో అడవి మిరియం తీగ ఉందని గుర్తించి, దాని గురించి రాశారు. అంకుడు చెట్టు ఆకులోంచి నీలిరంగు తీయవచ్చని చూపించారు. ఏటికొప్పాక బొమ్మలు చేసేది ఈ అంకుడు కర్రతోనే. సోమిడ చెట్టు బెరడు జ్వరాలకి పనికొస్తుందని ప్రచారం చేశారు. ఆ చెట్టు శాస్త్రీయ నామంలో సోమిడ అనే మన తెలుగు మాటే ఉంది!

ఏలేరు ఒడ్డున రైతులు చెరకు ఎలా పండిస్తున్నారో కూడా ఆయన దగ్గరుండి చూసి రాశారు. ఒకసారి చెరకు వేసిన నేలలో రెండు మూడేళ్ళ దాకా మళ్ళీ చెరకు వేసేవారు కాదట. మధ్యలో పప్పుజాతి పైర్లు వేసి భూమికి బలం తెచ్చేవారట. భూమిని బాగుచేసే మొక్క ఏదో ఇక్కడి రైతుకి బాగా తెలుసునని ఆయన ఒప్పుకున్నారు. ఈ పద్ధతినే ఇప్పుడు మనం పంట మార్పిడి అని పరీక్షలో రాస్తున్నాం.

1787లో పెద్ద తుఫాను వచ్చింది. సముద్రం పొంగి కోరంగి, యానాం పక్కనున్న ఇంజరం మీదకి వచ్చేసింది. ఆ ముంపులో రాక్స్‌బర్గ్ గారి పుస్తకాలు, ఎండబెట్టి దాచుకున్న మొక్కలు అన్నీ పోయాయి. ఇంకొకరైతే ఓడ ఎక్కి వెళ్ళిపోయేవారు. ఆయన మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టారు. ఇక్కడి చిత్రకారుల చేత 1790 నాటికి సుమారు 700 మొక్కల బొమ్మలు వేయించారు. వాటిలోంచి ఏరిన బొమ్మలతో 1795 నుంచి లండన్‌లో కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకం వెలువడింది. మొత్తం 300 బొమ్మలు. మొక్కల తెలుగు పేర్లు కూడా అందులో రాశారు.

తుఫాను తర్వాత కరువు వచ్చింది. వానలు వరసగా తప్పి 1792 నాటికి ఉత్తర సర్కారుల్లో జనం తిండిలేక చచ్చిపోయారు. అప్పుడు ఆయన బాగా ఆలోచించి కంపెనీ వారికి ఒక సలహా రాశారు. వరి ఒక్కదాన్నే నమ్ముకుంటే వాన తప్పినప్పుడు దిక్కులేదు. కాబట్టి గట్ల మీద, దారుల పక్కన తాటి, ఈత, కొబ్బరి, అరటి, పనస, సగ్గుబియ్యపు చెట్టు లాంటివి నాటించాలి. వానలు తప్పినా అవి నిలబడతాయి. ఇదీ ఆయన ఆలోచన.

ఇక జీలుగు సంగతి. ముదిరిన జీలుగు మాను లోపలి దవ్వను దంచి కొండవాళ్ళు పిండి తీస్తారని, రొట్టె, జావ చేసుకుంటారని, ఆ చెట్లు ఉన్నంతకాలం కరువులో కూడా వాళ్ళకి పెద్ద ఇబ్బంది ఉండదని ఆయన రాశారు. రాయడమే కాదు, జావ తాగి చూశారు కూడా. మలయా దేశాల నుంచి వచ్చే సగ్గుబియ్యం జావకి ఇది రుచిలో ఏమాత్రం తీసిపోదని తేల్చారు.

ఈ మాట వినగానే నాకు ఏడుపొచ్చింది. అంత చదివిన దొర తాగి మెచ్చుకున్నది, మా అవ్వ చేత్తో తాగిన నేను దాచిపెట్టాను.

1793లో ఆయన కలకత్తా బొటానికల్ గార్డెన్‌కి అధికారిగా వెళ్ళారు. అక్కడ ఇరవై ఏళ్ళు పనిచేశారు. ఆయన కాలం చివరికి తోటలో సుమారు 3,500 రకాల మొక్కలు ఉన్నాయి. జనుము, గోగునార లాంటి నారలు పరీక్షించారు. ఆరోగ్యం పాడై 1813లో మన దేశం విడిచి, 1815లో ఎడింబరోలో కన్నుమూశారు. భారతీయ వృక్షశాస్త్ర పితామహుడని ఆయనకి పేరు.

అయితే నాకు ఒక సంగతి మాత్రం నచ్చలేదు. ఆయన కంపెనీ ఉద్యోగి. కంపెనీకి కావలసింది లాభం. జీలుగు జావ కాచి ఇచ్చింది ఎవరో, చెట్ల పేర్లు చెప్పింది ఎవరో ఆ పుస్తకంలో లేదు. బొమ్మలు వేసిన వాళ్ళ పేర్లు కూడా బొమ్మల కింద లేవు. చెప్పిన వాళ్ళు మన ముందు తరాల వాళ్ళే అయి ఉంటారు కదా!

మిత్రులారా, జీలుగు ఇప్పుడు తగ్గిపోతోంది. అది పూతకి రావడానికి పదేళ్ళు పైనే పడుతుంది. పైనుంచి కిందికి వరసగా గెలలు వేసి, తర్వాత చచ్చిపోతుంది. పిలకలు వేయదు. గెల కోసి కల్లు తీస్తే ఆ గెలకి కాయ ఉండదు. మాను కొట్టి పిండి తీస్తే చెట్టే ఉండదు. కాబట్టి ఒక్క గెలైనా పండనివ్వాలి, గింజ నాటాలి. రంపచోడవరం దగ్గర పందిరిమామిడి పరిశోధన స్థానంలో జీలుగు మీద, దాని నీరాతో బెల్లం చేయడం మీద పరిశోధన జరుగుతోంది. మనం చేయగలిగింది గింజలు నాటడం.

సెలవుల నుంచి వచ్చేటప్పుడు ఒక్కొక్కరూ నాలుగు జీలుగు గింజలు తెండి. పండు రసం తగిలితే దురద పుడుతుంది, ఆకుతో పట్టుకోండి. స్కూలు వెనక కంచె వెంట నాటుదాం. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఏ మొక్కలు తినేవారో అడిగి, చెప్పినవారి పేరుతో సహా రాసుకు రండి. వచ్చే సంచికలో వేద్దాం.

ద్రాక్షారామంలో కలిసిన ఆ అమ్మాయి అడ్రసు నా దగ్గర లేదు. అందుకే ఇక్కడ గోడ మీద రాస్తున్నాను. మా ఇంట్లో జీలుగు జావ తాగుతాం. బాగుంటుంది.