పాటను నమ్ముకున్న స్టీఫెన్ ఫాస్టర్

పిట్స్‌బర్గు పేరు చెప్పగానే మన తెలుగువారికి శ్రీ వేంకటేశ్వరస్వామి ఆలయం జ్ఞప్తికి వస్తుంది. అమెరికాలో పాటలు కట్టి, ఆ రాబడితోనే బ్రతకాలని పూనుకున్న తొలివారిలో ఒకడైన స్టీఫెన్ ఫాస్టర్ కూడా ఆ ఊరివాడే.

ఆయన 1826 జూలై 4న పిట్స్‌బర్గు చెంత లారెన్స్‌విల్‌లో జన్మించాడు. ఇరవయ్యో ఏట సిన్సినాటిలో అన్నగారి వ్యాపారంలో లెక్కలు రాసే పనికి కుదిరి, పద్దులు రాస్తూనే పాటలు కట్టాడు. 1847లో తొలిసారి పాడిన 'ఓ సుసానా' మరుసటి ఏడు అచ్చయి దేశమంతా మారుమ్రోగింది. ఎందరో ప్రచురణకర్తలు దాన్ని అడగకుండానే అచ్చువేసుకున్నారు. కర్తకు ముట్టింది సుమారు నూరు డాలర్లు.

అదే 1847లో సిద్ధిపొందిన త్యాగరాజస్వామి రాజాశ్రయం కాదని ఉంఛవృత్తితో జీవించారు. గుప్పెడు బియ్యం పోసి ఆయనను ఊరు పోషించింది. ఫాస్టర్‌కు రాజూ లేడు, ఊరి బియ్యమూ లేదు, ఉన్నదల్లా అంగడి.

1849లో న్యూయార్కులోని ఫర్త్ పాండ్ సంస్థ ప్రతికి రెండు సెంట్ల చొప్పున ఇవ్వడానికి ఒప్పుకుంది. ఆ ధైర్యంతో ఫాస్టర్ ఉద్యోగం మాని పాటనే వృత్తిగా చేసుకున్నాడు. కాని రాబడి అచ్చుప్రతులపైనే. రంగస్థలంమీద వేలమంది ఎదుట పాడినా కర్తకు దమ్మిడీ ఇవ్వాలన్న చట్టం అప్పుడు లేదు. అప్పులు పెరిగి 1857లో, పాత పాటలపై ముందుముందు రాబోయే హక్కులన్నీ దాదాపు 1900 డాలర్లకు అమ్ముకున్నాడు. తాగుడు కూడా తోడైంది. 1864 జనవరి 13న న్యూయార్కు బెల్‌వ్యూ ఆసుపత్రిలో ముప్పయ్యేడేళ్లకే కన్నుమూసేనాటికి ఆయన పర్సులో ఉన్నవి 38 సెంట్లు.

ఆయన పాటలు కొన్ని నల్లవారిని హేళన చేసే ప్రదర్శనలకోసం కట్టినవి. పిట్స్‌బర్గులోని ఆయన విగ్రహంలో నల్లవాణ్ణి ఆయన కాళ్ల చెంత కూర్చోబెట్టి చూపిన తీరు అవమానకరమన్న విమర్శలతో దాన్ని 2018లో తొలగించారు. ఆ మచ్చను దాచనక్కరలేదు.

ప్రదర్శన హక్కు 1897లో చట్టమైంది. ఆ సొమ్ము వసూలుకు 1914లో 'ఆస్కాప్' సంఘం ఏర్పడింది. 1941లో ఆ సంఘం అడిగిన రుసుము ఇవ్వడం ఇష్టంలేక రేడియో కంపెనీలు హక్కులు చెల్లిన పాటలు వెదికాయి. ఫాస్టర్ కట్టిన 'జీనీ' పాట నెలల తరబడి మ్రోగింది. ఉచితం గనుక! బ్రతికుండగా ఆయనను ముంచినదీ అదే కదా.

మన ఉత్సవాలలోనూ వేదికకు, విందుకు, అలంకరణకు ముందే పద్దు కేటాయిస్తాం. పాడేవారి దగ్గరకు వచ్చేసరికి శాలువా, జ్ఞాపిక, చప్పట్లతో సరిపెట్టుకుంటాం. శాలువా గౌరవమే, కాని దానితో ఇంటి అద్దె తీరదు. కళాకారుని పారితోషికం మన పద్దులో మొదటి వరుసలో ఉండాలని, అది ముందే మాటాడుకుని వేళకు చెల్లించాలని మన సభ్యులందరికీ మనవి చేస్తున్నాము.