ప్రార్థించుట నేర్చుకొనిన మనుష్యుడు: జార్జ్ ముల్లర్



శతవార్షికోత్సవ దినములలో మన గుడుల కట్టడములను, బడులను, ఆసుపత్రులను తలంచుకొని దేవునికి స్తోత్రము చెల్లించుచున్నాము. అయితే వీటన్నిటికి పునాది మన పెద్దల మోకాళ్ళ ప్రార్థన. మరి మన ప్రార్థన సంగతి ఏమి? మోకాళ్ళూని అయిదు నిమిషములైనను గడువకమునుపే మనస్సు పొలము గట్టు మీదికో, పిల్లల ఫీజు మీదికో, నిన్నటి మాట పట్టింపు మీదికో పోవును. పెదవులు కదలుచుండును గాని హృదయము అక్కడ ఉండదు. ఈ బాధ మనలో అనేకులకు కలదు. ప్రార్థనా వీరుడని లోకము చెప్పుకొనిన జార్జ్ ముల్లర్ గారికి కూడ ఇదే బాధ ఉండెనని తెలిసికొనిన యెడల మనకు ఆదరణ కలుగును.

ఆయన 1805 సెప్టెంబరు 27న ప్రష్యా దేశములో పుట్టెను. తండ్రి పన్నులు వసూలు చేయు ఉద్యోగి. కుమారుడు చిన్ననాటనే ఆ సర్కారు సొమ్ములో దొంగిలుట నేర్చెను. తల్లి ప్రాణము విడిచిన రాత్రి 14 ఏండ్ల ఆ బాలుడు సంగతి తెలియక పేకాటలో ఉండెను. 16 ఏండ్లకు సత్రములలో బాకీలు ఎగవేసి చెరసాల చూచెను. అయినను తండ్రి అతనిని పాదిరిని చేయగోరెను. భక్తి కొరకు కాదు, సుఖమైన బ్రతుకు కొరకే.

1825 నవంబరులో, హాలె విశ్వవిద్యాలయములో చదువుచుండగా, ఒక శనివారము సాయంకాలము స్నేహితునితో ఒక విశ్వాసి ఇంటి కూటమునకు వెళ్ళెను. అక్కడ ఒకడు మోకాళ్ళూని ప్రార్థించెను. దైవశాస్త్ర విద్యార్థియైన ముల్లర్ అంతకుమునుపు మోకాళ్ళ మీద ప్రార్థించువానిని చూడనే లేదు. ఆ రాత్రి నుండి ఆయన జీవితము మారెను.

1829లో ఇంగ్లాండు చేరి, టీన్‌మత్ ఊరిలో కాపరి ఆయెను. ఆ గుడిలో బల్లలకు అద్దె కట్టిన వారికి మంచి స్థలము, బీదలకు వెనుక స్థలము. ఆ అద్దెల నుండి వచ్చు జీతము తనకు వద్దని 1830లో విడిచిపెట్టెను. తన అక్కరను మనుష్యులకు చెప్పక దేవునికి మాత్రమే చెప్పుకొనుటకు నిర్ణయించుకొనెను. ఆ సంవత్సరమే మేరీ గ్రోవ్స్‌ను వివాహమాడెను. ఆమె సహోదరుడైన ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ ప్రోత్సాహముతోనే విలియం బౌడెన్, జార్జ్ బీర్ అను సేవకులు 1836లో తమ భార్యలతో మన దేశమునకు వచ్చి, గోదావరి డెల్టాలో నర్సాపురము ప్రాంతమున సువార్త పని చేసిరి. కాబట్టి ముల్లర్ కుటుంబము మన తెలుగు నేలకు బొత్తిగా పరాయిది కాదు.

1832లో ఆయన బ్రిస్టల్ పట్టణమునకు వచ్చెను. ఆ యేట కలరా ఆ పట్టణమును పట్టెను. దిక్కులేని పిల్లలను చూచి అనాథశాల పెట్టదలచెను. ద్రవ్యము కొరకు, ఇంటి కొరకు, పనివారి కొరకు ప్రార్థించెను. అన్నియు సమకూడెను. పిల్లల కొరకు దరఖాస్తులు తీసికొనుటకు 1836 ఫిబ్రవరి 3వ తేదీ నిర్ణయించెను. ఆ దినమున ఒక్కరును రాలేదు! అప్పుడాయన తన్ను పరీక్షించుకొనగా, పిల్లలు ఎట్లును వత్తురు గదా అని వారి కొరకు ఒక్కసారియైనను ప్రార్థింపలేదని గ్రహించెను. ఆ సాయంకాలమే దేవుని యెదుట ఒప్పుకొని ప్రార్థించెను. మరుసటి దినమే మొదటి దరఖాస్తు వచ్చెను. మనము కూడ ఎట్లును జరుగును గదా అని ప్రార్థింపక విడిచిపెట్టు సంగతులు ఎన్ని లేవు?

ఇక మొదట చెప్పిన బాధ సంగతి. చాల సంవత్సరములు ఆయన లేచిన వెంటనే ప్రార్థనకు పూనుకొనెడివాడు. అయితే ఒక్కొకప్పుడు పావుగంట, అరగంట వరకు మనస్సు తిరుగుచునే ఉండెడిది. 1841లో ఆయన పద్ధతి మార్చెను. మొదట వాక్యము తెరచి, కొద్ది వచనములు నెమ్మదిగా చదివి, తన ఆత్మకు ఆహారము వెదకెడివాడు. చదువుచుండగానే ఒక వచనము ఒప్పుకోలుగాను, మరియొకటి స్తుతిగాను, ఇంకొకటి విజ్ఞాపనగాను మారెడిది. ప్రార్థన తనంతట తానే పుట్టెడిది. దేవుడు ముందు మాటలాడవలెను, మనము జవాబియ్యవలెను అను క్రమము ఆయన నేర్చుకొనెను.

1857 చలికాలములో 300 మంది పిల్లలున్న ఇంటిని వెచ్చపరచు బాయిలర్ కారసాగెను. బాగుచేయవలెనన్న మంట ఆర్పవలెను. దినము నిర్ణయించిన తరువాత గడ్డకట్టించు ఉత్తరపు గాలి మొదలాయెను. దక్షిణపు గాలి రావలెనని, పనివారికి పనిచేయు మనస్సు కలుగవలెనని ఆయన ప్రార్థించెను. ఆ దినమున గాలి మారెను. పనివారు రాత్రియంతయు పనిచేయుదుమని తామే ముందుకు వచ్చిరి. ఆయన ప్రార్థించెను, పనివారిని కూడ పిలిపించెను. ప్రార్థన సోమరితనమునకు మారుపేరు కాదు.

అయితే అడిగినదెల్ల వెంటనే దొరకెనని తలంచవద్దు. 1835లో ఆయన పసికుమారుడు మరణించెను. 1870లో భార్య మరణించగా, తానే నిలువబడి దేవుని మంచితనమును గూర్చి ప్రసంగించెను. 1844 నవంబరులో అయిదుగురి రక్షణ కొరకు అనుదినము ప్రార్థింప మొదలుపెట్టెను. మొదటివాడు మారుటకు 18 నెలలు, రెండవవాడు మారుటకు మరి అయిదేండ్లు, మూడవవాడు మారుటకు ఇంక ఆరేండ్లు పట్టెను. మిగిలినవారి కొరకు దశాబ్దములు గడచినను మానలేదు. కుమారుని కొరకు, త్రాగుబోతు భర్త కొరకు కన్నీటితో ప్రార్థించు తల్లులు మన సంఘములలో ఉన్నారు. జవాబు ఆలస్యమైనంత మాత్రాన వారి విశ్వాసము కొరతయైనదని ఎవరును అనకూడదు.

1870 నాటికి యాష్లీ డౌన్ మీద 2,050 మంది పిల్లలకు చాలిన అయిదు గొప్ప ఇండ్లు నిలిచెను. ఆయన జీవితకాలములో పది వేల మందికి పైగా అనాథలు పోషింపబడిరి. పది లక్షల పౌండ్లకు పైగా ద్రవ్యము ఆయన చేతుల మీదుగా వెళ్ళెను. ఆయన విడిచిన ఆస్తి సుమారు 160 పౌండ్లు మాత్రమే. ప్రార్థనను ఆయన ధనము సంపాదించు ఉపాయముగా ఎంచలేదనుటకు ఇదే సాక్ష్యము. తన 70వ యేట సువార్త యాత్రలు మొదలుపెట్టి మన దేశమునకు కూడ వచ్చెను. 1898 మార్చి 9 రాత్రి అనాథశాలలోని ప్రార్థన కూటములో పాల్గొని, మరునాటి ఉదయమున, 92 ఏండ్ల వయస్సున, ప్రభువునొద్దకు వెళ్ళెను.

సహోదరులారా, ఈ పండుగ ముగిసి పందిరి విప్పిన మరునాడు మనమేమి చేయుదుము? ఉదయమున మొదట వాక్యము తెరచుదము. ఒక చిన్న నోటు పుస్తకములో ప్రార్థన విషయమును, తేదీని వ్రాసి, జవాబు వచ్చినప్పుడు దాని ప్రక్కనే స్తోత్రము వ్రాసికొందము. చిన్న సంగతులను కూడ దేవుని యొద్దకు తెచ్చెదము. రాని జవాబు కొరకు విసుగక కనిపెట్టుదము. ఒక దొంగ పిల్లవానికి ప్రార్థించుట నేర్పిన దేవుడు మనకును నేర్పునుగాక.