భారత ఫుట్‌బాల్‌కు ఒలింపిక్ కీర్తి నార్జించిన హైదరాబాద్ ఉపాధ్యాయుడు సయ్యద్ అబ్దుల్ రహీం
(ఆగస్టు 17 జయంతి సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

కొడిమ్యాల (జగిత్యాల జిల్లా): ఒలింపిక్ క్రీడల్లో భారతదేశం పేరు వినగానే హాకీ స్వర్ణాలు జ్ఞప్తికి వస్తాయి. ఫుట్‌బాల్‌లో సైతం మన దేశం ఒకనాడు ప్రపంచంలోని మొదటి నాలుగు జట్లలో ఒకటిగా నిలిచిందన్న విషయం నేటి యువతలో చాలామందికి తెలియదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆ ఘనత సాధించిన జట్టును తీర్చిదిద్దిన వ్యక్తి హైదరాబాద్ నగరానికి చెందిన ఒక సామాన్య పాఠశాల ఉపాధ్యాయుడు. ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీం. క్రీడాభిమానులందరూ ఆయనను రహీం సాహెబ్ అని గౌరవంగా పిలుచుకునేవారు. భారత ఫుట్‌బాల్ జట్టు ఇప్పటివరకు నాలుగు ఒలింపిక్స్‌లో మాత్రమే పాల్గొనగా, అందులో మూడింటికి ఆయనే శిక్షకుడు.

ఉపాధ్యాయుని నుండి శిక్షకుని వరకు

సయ్యద్ అబ్దుల్ రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో విద్యాభ్యాసం చేస్తూ విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ జట్టులో రాణించారు. అనంతరం ఉపాధ్యాయ వృత్తిని స్వీకరించి కాచిగూడ, చాదర్‌ఘాట్ తదితర ప్రాంతాల్లోని పాఠశాలల్లో బోధించారు. వ్యాయామ విద్యలో డిప్లొమా పొందిన తరువాత పాఠశాలల్లో క్రీడా కార్యక్రమాల బాధ్యతలను చేపట్టారు. తరగతి గదిలో విద్యార్థిని ఓర్పుతో పరిశీలించి, లోపమెక్కడ ఉన్నదో గుర్తించి సరిదిద్దే ఉపాధ్యాయ లక్షణమే మైదానంలో ఆయనకు పెట్టుబడి అయింది.

కాలక్రమంలో ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా బాధ్యతలు స్వీకరించి, నగరంలోని క్రీడాకారుల కోసం విభిన్నమైన పోటీలను ప్రవేశపెట్టారు. బలహీనమైన కాలితో మాత్రమే బంతిని తన్నవలసిన పోటీలు వాటిలో ఒకటి. కుడికాలి వాటం గలవారు ఎడమకాలితోను, ఎడమకాలి వాటం గలవారు కుడికాలితోను ఆడవలసి ఉండేది. బంతిని కాలి వద్ద ఉంచుకొని ముందుకు సాగడాన్ని నిషేధించి, అందిన వెంటనే సహచరునికి అందించాలన్న నియమంతో మరికొన్ని పోటీలు జరిపించారు. వీటి నిర్వహణకు అదనంగా ఒక్క రూపాయి ఖర్చు కాలేదు. అయితే ఆటగాడు రెండు కాళ్లనూ సమానంగా వాడుకోవడానికి, జట్టుగా ఆలోచించడానికి ఇవి దోహదం చేశాయి. వ్యక్తిగత నైపుణ్య ప్రదర్శనకే ప్రాధాన్యమున్న నాటి భారత ఫుట్‌బాల్‌కు ఇది కొత్త పాఠం.

పోలీసు జట్టు విజయ పరంపర

1950లో రహీం హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు శిక్షణ బాధ్యతలను చేపట్టి, మరణించేవరకు ఆ జట్టుతోనే కొనసాగారు. బొంబాయిలో జరిగే ప్రతిష్ఠాత్మక రోవర్స్ కప్‌ను ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేళ్లు గెలుచుకొన్నది. డ్యూరాండ్ కప్‌ను సైతం కైవసం చేసుకొన్నది. అప్పటివరకు ఫుట్‌బాల్ అంటే కలకత్తాయే అన్న అభిప్రాయం దేశమంతటా ఉండేది. కలకత్తా జట్లను దక్కను నుండి వచ్చిన పోలీసు జట్టు ఓడించడంతో దేశం దృష్టి హైదరాబాద్ వైపు మళ్లింది. 1956-57, 1957-58 సంవత్సరాల్లో హైదరాబాద్ జట్టు జాతీయ ఛాంపియన్‌షిప్ అయిన సంతోష్ ట్రోఫీని వరుసగా రెండుసార్లు గెలుచుకొన్నది.

1951 మార్చిలో న్యూఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో రహీం శిక్షణలోని భారత జట్టు ఫైనల్‌లో ఇరాన్‌ను 1-0 తేడాతో ఓడించి స్వర్ణ పతకం సాధించింది. శైలేన్ మన్నా ఆ జట్టుకు నాయకుడు. సాహు మేవాలాల్ విజయ గోలు చేశారు.

హెల్సింకి నేర్పిన పాఠం

స్వతంత్ర భారత జట్టు ఒలింపిక్ ప్రస్థానం 1948 లండన్ క్రీడలతో ప్రారంభమైంది. నాడు మన ఆటగాళ్లలో అత్యధికులు బూట్లు లేకుండానే బరిలో దిగి, రెండు పెనాల్టీ అవకాశాలను చేజార్చుకొని, ఫ్రాన్స్ చేతిలో 1-2 తేడాతో ఓడిపోయారు. ఆ పోరాటం ప్రేక్షకుల ప్రశంసలందుకొన్నది. అయితే వట్టి కాళ్లతో కూడా ఐరోపా జట్లను ఎదుర్కొనవచ్చునన్న భ్రమను సైతం అది మిగిల్చింది.

1952లో ఫిన్లాండ్ రాజధాని హెల్సింకిలో ఆ భ్రమ తొలగిపోయింది. రహీం శిక్షకునిగా వెళ్లిన తొలి ఒలింపిక్స్ అవే. జూలై 15న యుగోస్లావియా చేతిలో భారత జట్టు 1-10 గోలుల తేడాతో పరాజయం పాలైంది. చలి వాతావరణంలో బూట్లు లేని ఆటగాళ్లు నిలదొక్కుకొనలేకపోయారు. స్వదేశంలో తక్కువ నిడివి గల ఆటకు అలవాటుపడినవారికి 90 నిమిషాల పోటీ భారమైంది. మన పక్షాన ఏకైక గోలును అహ్మద్ ఖాన్ చేశారు.

ఇంతటి ఓటమి ఏ శిక్షకునికైనా నిరాశ కలిగించేదే. రహీం దానిని గుణపాఠంగా స్వీకరించారు. ఈ పరాజయం అనంతరం అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆటగాళ్లకు బూట్లు తప్పనిసరి చేసింది. అదే ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలుచుకొన్న హంగేరీ జట్టు ఆటతీరు రహీంను ఆకర్షించింది. ముందువరుసలోని మధ్య ఆటగాడు వెనుకకు జరిగి బంతిని అందుకోవడం, ప్రత్యర్థి రక్షకుడు అతనిని వెంబడించి రాగా ఏర్పడిన ఖాళీలోకి ఇతరులు చొచ్చుకొనిపోవడం ఆ వ్యూహంలోని కీలకం. రహీం ఈ పద్ధతిని మన ఆటగాళ్ల శక్తిసామర్థ్యాలకు అనుగుణంగా మలిచారు. నలుగురు రక్షకులు, మధ్యలో ఇద్దరు, ముందువరుసలో నలుగురు నిలిచే వ్యూహాన్ని 1958 ప్రపంచ కప్ విజయంతో బ్రెజిల్ లోకవిఖ్యాతం చేయగా, అంతకుముందే మన దేశంలో దానిపై ప్రయోగాలు చేసిన దూరదృష్టి ఆయనది.

మెల్‌బోర్న్‌లో చరిత్ర

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం అవతరించింది. సరిగ్గా నెల రోజులకు, డిసెంబరు 1న, మెల్‌బోర్న్‌లో రహీం జట్టు చరిత్ర సృష్టించింది. తొలి రౌండులో ప్రత్యర్థిగా ఉండవలసిన హంగేరీ పోటీ నుండి వైదొలగడంతో భారత్ నేరుగా క్వార్టర్ ఫైనల్ చేరింది. అక్కడ ఆతిథ్య ఆస్ట్రేలియాను సొంతగడ్డపైనే 4-2 తేడాతో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోలులు చేసి, ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆ ఘనత సాధించిన తొలి ఆసియా క్రీడాకారునిగా నిలిచారు. నాలుగవ గోలు కృష్ణస్వామి కిట్టు చేశారు. ఈ విజయంతో ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా దేశంగా భారత్ గుర్తింపు పొందింది.

డిసెంబరు 4న సెమీఫైనల్‌లో మళ్లీ యుగోస్లావియాయే ఎదురైంది. నాలుగేళ్ల క్రితం పది గోలులు చేసిన ఆ దేశంపై ఈసారి రెండవ అర్ధభాగంలో మొదటి గోలు చేసింది భారతదేశమే. నెవిల్ డిసౌజా చేసిన ఆ గోలుతో లభించిన ఆధిక్యం కొద్ది నిమిషాలు మాత్రమే నిలిచింది. చివరకు యుగోస్లావియా 4-1 తేడాతో నెగ్గింది. డిసెంబరు 7న కాంస్య పతక పోటీలో బల్గేరియా 3-0 తేడాతో గెలుపొందగా, భారత్ నాలుగవ స్థానంతో సరిపెట్టుకొన్నది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత్ సాధించిన అత్యుత్తమ స్థానం నేటికీ అదే.

సమర్ బెనర్జీ నాయకత్వం వహించిన ఈ జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, సికింద్రాబాద్‌కు చెందిన తులసీదాస్ బలరాం వంటి జంటనగరాల క్రీడాకారులు ఉన్నారు. వీరిలో బలరాం, జుల్ఫికరుద్దీన్ అప్పటికి ఇరవై ఏళ్ల ప్రాయంలోని యువకులు. ప్రతిభ కనిపించినప్పుడు వయస్సును చూడకుండా అవకాశమిచ్చే గుణం రహీంలో ఉండేది.

రోమ్ నుండి జకార్తా వరకు

1960 రోమ్ ఒలింపిక్స్‌కు భారత్ ఇండోనేషియాను ఓడించి అర్హత పొందింది. పి.కె. బెనర్జీ నాయకత్వంలోని జట్టుకు హంగేరీ, ఫ్రాన్స్, పెరూ దేశాలతో కూడిన కఠినమైన గ్రూపు లభించింది. హంగేరీతో 1-2 తేడాతో ఓడిన భారత్, ఫ్రాన్స్‌తో 1-1గా సమం చేసుకొన్నది. పెరూ చేతిలో 1-3 తేడాతో ఓడి నిష్క్రమించింది. బలరాం రెండు గోలులు, పి.కె. బెనర్జీ ఒక గోలు చేశారు. హంగేరీ ఆ క్రీడల్లో కాంస్య పతకం గెలుచుకొన్నది. అటువంటి జట్టుపై ఒక్క గోలు తేడాతో మాత్రమే ఓడటం ఎనిమిదేళ్లలో భారత జట్టు ఎంత దూరం పయనించిందో తెలియజేస్తుంది. రహీం కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం సైతం ఈ జట్టులో సభ్యుడు. ఆయన అనంతర కాలంలో అంతర్జాతీయ రిఫరీగా పేరు పొందారు.

రహీం జీవితంలో చివరి ఘట్టం 1962 జకార్తా ఆసియా క్రీడలు. అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సర్ ఆయనను బాధిస్తున్నది. తొలి పోటీలో దక్షిణ కొరియా చేతిలో 0-2 తేడాతో ఓడిన భారత్, తరువాత థాయిలాండ్, జపాన్‌లపై నెగ్గింది. రక్షణ శ్రేణిలో ఆడే జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం ఆయనను ముందువరుసకు మార్చి ఆడించారు. జర్నైల్ సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాంపై ఒక గోలు, ఫైనల్‌లో మరో గోలు చేసి శిక్షకుని నిర్ణయం సరియైనదేనని నిరూపించారు.

ఆసియా క్రీడలకు తైవాన్, ఇజ్రాయెల్ దేశాలను ఆహ్వానించకపోవడాన్ని భారత క్రీడాధికారి జి.డి. సోంధీ విమర్శించడంతో ఇండోనేషియా ప్రేక్షకుల్లో మన దేశంపై ఆగ్రహం వ్యక్తమైంది. సెప్టెంబరు 4న సుమారు లక్ష మంది ప్రేక్షకుల నిరసన ధ్వనుల మధ్య చునీ గోస్వామి నాయకత్వంలోని భారత జట్టు ఫైనల్‌లో అదే దక్షిణ కొరియాను 2-1 తేడాతో ఓడించి స్వర్ణం కైవసం చేసుకొన్నది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ తరువాత భారత్‌కు మరో స్వర్ణం లభించలేదు.

ఆ విజయం తరువాత తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, 53 ఏళ్ల వయస్సులో రహీం కన్నుమూశారు.

ఆయన అనంతరం

1964 టోక్యో ఒలింపిక్స్‌కు భారత్ అర్హత పొందలేకపోయింది. నాటి నుండి 2024 పారిస్ క్రీడల వరకు ఒక్కసారి కూడా ఒలింపిక్ ఫుట్‌బాల్ బరిలో మన జట్టు నిలువలేదు. 1992 నుండి ఒలింపిక్స్‌లో పురుషుల ఫుట్‌బాల్‌ను 23 ఏళ్లలోపు యువకుల పోటీగా మార్చారు. 1996 నుండి ఆ వయస్సు దాటిన ముగ్గురికి మాత్రమే అవకాశం కల్పించారు. ఒలింపిక్ గౌరవాన్ని తిరిగి పొందే బాధ్యత ఆ విధంగా యువ జట్టు భుజాలపై పడింది.

నాలుగు ఒలింపిక్స్‌లో భారత్ మొత్తం 8 పోటీలు ఆడి ఒకటి గెలిచింది, ఒకటి సమం చేసుకొన్నది, ఆరింట ఓడిపోయింది. ఈ గెలుపు, ఈ సమం రెండూ రహీం శిక్షణలో లభించినవే. సంఖ్యాపరంగా ఇవి స్వల్పంగానే కనిపించవచ్చును. అయితే ఓటమిని నిజాయితీగా సమీక్షించుకొని, కారణాలను ఒక్కొక్కటిగా సరిదిద్దుకొంటూ సాగిన ప్రయాణమే ఆయన వదలివెళ్లిన అసలు సంపద. ఆయన పద్ధతులను ఒక శాశ్వత వ్యవస్థగా రూపొందించి కొనసాగించి ఉన్నట్లయితే భారత ఫుట్‌బాల్ చరిత్ర మరొక విధంగా ఉండేదన్న భావన క్రీడాలోకంలో బలంగా ఉన్నది.

ఆయన వద్ద ఆడిన పి.కె. బెనర్జీ, బలరాం, చునీ గోస్వామి, జర్నైల్ సింగ్, యూసుఫ్ ఖాన్, పీటర్ తంగరాజ్ 1960వ దశకంలో అర్జున పురస్కారాలు అందుకొన్నారు. శిక్షకులకు ఇచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో గాని ప్రారంభం కాలేదు. అప్పటికి రహీం మరణించి 22 సంవత్సరాలు గడిచిపోయాయి. 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం సాధించిన జట్టుకు పి.కె. బెనర్జీ శిక్షకులలో ఒకరు కాగా, హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ నయీముద్దీన్ నాయకుడు. 2024లో విడుదలైన 'మైదాన్' హిందీ చలనచిత్రం ద్వారా రహీం జీవితగాథ కొత్త తరానికి పరిచయమైంది.

గ్రామీణ యువతకు స్ఫూర్తి

రహీం శిక్షకునిగా ఎదిగిన రోజుల్లో కొడిమ్యాల ప్రాంతం హైదరాబాద్ రాష్ట్రంలోని కరీంనగర్ జిల్లాలో అంతర్భాగం. సంతోష్ ట్రోఫీలో హైదరాబాద్ పేరిట లభించిన కీర్తిలో ఈ పల్లెలకూ వాటా ఉన్నది. 2016లో ఏర్పడిన జగిత్యాల జిల్లాలో నేడు పాఠశాల మైదానాల్లో బంతి తన్నుతున్న బాలబాలికలు రహీం జీవితం నుండి గ్రహించవలసినది ఎంతో ఉన్నది. ఆయన ప్రారంభించినది ఒక పాఠశాల మైదానంలోనే. బలహీనమైన కాలితో ఆడించడానికి, బంతిని వెంటనే సహచరునికి అందించడం నేర్పడానికి ఖరీదైన ప్రాంగణాలు అవసరం లేదు. ఓపిక గల ఒక ఉపాధ్యాయుడు, నేర్చుకోవాలన్న తపన గల విద్యార్థులు, సాయంత్రం వేళ ఒక గంట సమయం ఉంటే చాలును.

గ్రామీణ పాఠశాలల్లోని వ్యాయామ ఉపాధ్యాయులు ఈ పద్ధతులను తమ విద్యార్థుల చేత అభ్యసింపజేయడమే ఆ మహనీయునికి నిజమైన నివాళి కాగలదు.