ఒడ్డున మిగిలిన యాత్రికుడు ఇబ్నె బతూతా

మా ఇబ్రాహీంపట్నానికి ఆ పేరు గోల్కొండ సుల్తాన్ ఇబ్రాహీం కుతుబ్ షా (పాలన 1550-1580) వల్ల వచ్చింది. పెద్ద చెరువూ ఆయన కాలం నాటిదే. తీరప్రాంతంలో పట్నం అంటే ఓడలు ఆగే రేవు ఊరు. మచిలీపట్నం, కృష్ణపట్నం అలాంటివే. మాకు సముద్రం ఇంచుమించు 300 కిలోమీటర్ల దూరం. మన పట్నానికి రేవేదని పిల్లలు అడిగినప్పుడల్లా మాకు ఇబ్నె బతూతా గుర్తుకొస్తారు. మలబారు రేవుల్ని ఆయన జుర్ఫత్తన్, దహ్‌ఫత్తన్, బుద్‌ఫత్తన్ అని రాయించారు. అరబ్బీలో 'ప' లేదు కనుక మన పట్నమే అక్కడ ఫత్తన్ అయింది. మన తెలంగాణ నేలను కూడా ఆయన తిలింగ్ అని పేర్కొన్నారు.

ఆయన 1304లో మొరాకోలోని తంజా నగరంలో జన్మించారు. 1325లో, ఇరవై ఒక్క ఏళ్ళ వయసులో, హజ్ కోసం ఒంటరిగా ఇల్లు విడిచారు. ఢిల్లీలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో ఖాజీగా పనిచేశారు. 1342లో సుల్తాన్ ఆయన్ని చైనా చక్రవర్తి వద్దకు కానుకలతో రాయబారిగా పంపారు. గుజరాత్ తీరంలో ఓడ ఎక్కారు.

లోకమంతా తిరిగిన ఈ మనిషికి ఈత సరిగా రాదు! ఘోఘా అనే రేవు దగ్గర ఆటుపోట్లు ఎక్కువ. సముద్రం వెనక్కి తగ్గి ఉండటంతో ఓడను ఊరికి నాలుగు మైళ్ళ దూరంలోనే నిలిపారు. ఆయన కొందరు సహచరులతో చిన్న పడవలోకి దిగారు. ఊరు ఇంకా ఒక మైలు ఉందనగా పడవ బురదలో కూరుకుపోయింది. ఇద్దరి భుజాలు పట్టుకుని ఆ బురదలో నడవసాగారు. ఒడ్డు చేరేలోపే పోటు వచ్చేస్తుందని తోటివారు భయపెట్టారు. ఎట్టకేలకు చేరి, బజార్లు చూసి, ఖిజర్, ఇల్యాస్‌ల (అలైహిముస్సలాం) పేరిట ఉన్న మస్జిదులో మగ్రిబ్ నమాజు చేసి తిరిగి ఓడకు వెళ్ళారు. ఒక చిన్న రేవును చూడటానికి ఇంత అవస్థ!

దక్షిణాన హొన్నావర్ రేవులో ఆయన్ని ఆశ్చర్యపరచింది ఓడలు కాదు. ఆ ఊళ్ళో బాలికలకు 13 పాఠశాలలు, బాలురకు 23 ఉన్నాయి. అక్కడి స్త్రీలు ఖుర్ఆన్ కంఠస్థం చేసినవారు. ఇలాంటిది మరెక్కడా చూడలేదని ఆయన రాయించుకున్నారు. ఏడు వందల ఏళ్ళ కిందటి లెక్క ఇది, మన ఊళ్ళ లెక్కతో పోల్చి చూసుకోవచ్చు. ఎజిమల దగ్గరి మస్జిదుకు నావికులు మొక్కుబడులు చెల్లించేవారు. ముస్లింలూ ముస్లిమేతరులూ దాన్ని గౌరవించేవారు. ఆ సొమ్ముతో విద్యార్థులకు వేతనాలు ఇచ్చేవారు. ప్రయాణికులకు, పేదలకు వంటశాల నడిచేది.

కాలికట్‌లో అప్పుడు 13 చైనా ఓడలు లంగరు వేసి ఉన్నాయి. అనుకూలమైన గాలి కోసం మూడు నెలలు ఆగవలసి వచ్చింది. పెద్ద ఓడలో మంచి గదులన్నీ చైనా వర్తకులు ముందే తీసుకున్నారు. దాంతో ఆయన సామాను, బానిస స్త్రీలు, పరిచారకులు కకమ్ అనే చిన్న ఓడకు మారారు. సుల్తాన్ కానుకలతో జహీరుద్దీన్, సుంబుల్ పెద్ద ఓడలో ఉన్నారు. శుక్రవారం జుమా నమాజు కోసం ఇబ్నె బతూతా ఒడ్డున ఆగిపోయారు. సాయంత్రానికి సముద్రం పొంగింది. ఓడ ఎక్కే దారి లేదు. పరచుకోవడానికి ఒక తివాచీ తప్ప ఏమీ లేక ఆ రాత్రి ఇసుక మీదే గడిపారు. ఆ తుఫానులోనే పెద్ద ఓడ ఒడ్డుకు కొట్టుకుని బద్దలైంది, అందులోనివారు మరణించారు. మర్నాడు తన సహచరుల శవాలను చూసి, జనాజా నమాజు చేయించి, ఖననం చేశారు. కకమ్ వాళ్ళు ఇదంతా చూసి తెరచాపలెత్తి వెళ్ళిపోయారు. ఆయన స్వేచ్ఛనిచ్చిన ఒక యువకుడు మాత్రం తోడున్నాడు, అతనూ విడిచిపోయాడు. చివరికి మిగిలినవి పది దీనార్లు, ఆ తివాచీ.

కొందరు ప్రసంగకర్తలు ఈ సంగతి చెప్పి, జుమా కోసం ఆగారు కనుక బతికారని ముగించేస్తారు. మాకు అంత తేలిగ్గా తోచదు. మునిగిపోయిన జహీరుద్దీన్ కూడా విద్వాంసులే, అప్పగించిన అమానతును కాపాడుతూ ఓడలో ఉన్నవారే. వారి విశ్వాసాన్ని తూచే తక్కెడ మన చేతిలో లేదు. ఇక ఆయన ఇంటివారిగా కకమ్‌లో ఉన్న బానిస స్త్రీల మాట ఎవరూ ఎత్తరు. వారిలో ఒకరు గర్భవతి.

కకమ్ తప్పక కొల్లంలో ఆగుతుందని ఎవరో చెబితే, ఆయన నది మార్గాన పది రోజులు ప్రయాణించి అక్కడికి వెళ్ళారు. అది రాలేదు. సుమత్రా పాలకుడు ఆ స్త్రీలను స్వాధీనం చేసుకున్నాడని, సామాను చెల్లాచెదురైందని, గర్భవతి మరణించిందని చాలా రోజుల తర్వాత కబురు అందింది. పోగొట్టుకున్న కానుకలకు ఏం జవాబు చెప్పాలోనని ఢిల్లీకి తిరిగి వెళ్ళడానికి జంకారు. కొన్నాళ్ళకు అదే కాలికట్ రేవులో మళ్ళీ ఓడ ఎక్కారు, ఈసారి మాల్దీవులకు.