చేసి చూపిన గురువు – జగదీశ్ చంద్ర బోసు

ఈ పాఠం మొదలుపెట్టే ముందు ఒకసారి మీ ఇంటి చుట్టుపక్కల చూసి రండి. పొలం గట్ల మీద, రైలు కట్ట పక్కన అత్తిపత్తి మొక్క కనిపించవచ్చు. తాకితే దాని ఆకులు ముడుచుకుంటాయి. చిన్నప్పుడు మీరు కూడా దానితో ఆడుకునే ఉంటారు. పిల్లల ఆట అనుకునే ఆ విషయాన్ని ప్రయోగంగా మార్చి, పెద్ద పెద్ద శాస్త్రవేత్తల ముందు చూపించిన ఒక ఉపాధ్యాయుని జీవితాన్ని ఇప్పుడు చదవండి.

జగదీశ్ చంద్ర బోసు 1858 నవంబరు 30న మైమెన్‌సింగ్‌లో జన్మించారు. ఆ ఊరు ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. తండ్రి భగవాన్ చంద్ర డిప్యూటీ మేజిస్ట్రేటు. ఆ హోదాలో ఉన్నవారు పిల్లలను ఇంగ్లీషు బడికి పంపే కాలం అది. ఆయన మాత్రం కొడుకును బెంగాలీ బడిలో చేర్పించారు. ముందు మాతృభాష రావాలి, తన చుట్టూ ఉన్న మనుషులు తెలియాలి, ఇంగ్లీషు ఆ తరువాత అని ఆయన అభిప్రాయం. బడిలో జగదీశ్‌కు ఒక పక్కన తండ్రి దగ్గర పనిచేసే ముస్లిం బంట్రోతు కొడుకు, మరొక పక్కన చేపలు పట్టేవాని కొడుకు కూర్చునేవారు. పక్షుల గురించి, జంతువుల గురించి, నీటిలోని ప్రాణుల గురించి వాళ్లు చెప్పే కబుర్లను అతడు చెవులు రిక్కించి వినేవాడు. జీవశాస్త్రంలో అతని మొదటి గురువులు ఆ పిల్లలే అనవచ్చు. ఇంకొక ముచ్చట. అతణ్ణి బడికి తీసుకుపోయే నౌకరు ఒకప్పుడు బందిపోటు. జైలు నుండి విడుదలైన అతనికి భగవాన్ చంద్రే పని ఇచ్చారు.

1869లో జగదీశ్ కలకత్తాకు చదువుకు వచ్చాడు. సెయింట్ జేవియర్ కళాశాలలో లఫాఁ అనే బెల్జియం ఫాదరీ భౌతికశాస్త్రం బోధించేవారు. ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్నవారు, పొందాలనుకునేవారు మీలో ఉంటే ఈ మాట గుర్తుంచుకోండి. లఫాఁ ఏ విషయాన్నీ మాటలతో చెప్పి ఊరుకునేవారు కారు. పరికరం తెచ్చి బల్ల మీద పెట్టి, చేసి చూపేవారు. బోధించే పద్ధతిని జగదీశ్ ఎదుట కూర్చుని ఆయన దగ్గరే నేర్చుకున్నాడు.

1880లో ఇంగ్లండు వెళ్లి వైద్యవిద్యలో చేరాడు. అప్పటికే పట్టి పీడిస్తున్న జ్వరం, శవాలను కోసే గదిలోని వాసనకు ఇంకా ముదిరింది. వైద్యం మానుకుని కేంబ్రిడ్జిలో ప్రకృతిశాస్త్రాలు చదివాడు. అక్కడ ర్యాలే వద్ద భౌతికశాస్త్రం, ఛార్లెస్ డార్విన్ కుమారుడు ఫ్రాన్సిస్ డార్విన్ వద్ద వృక్షశాస్త్రం నేర్చుకున్నాడు. రెండు శాస్త్రాలలోనూ పడిన ఈ పునాది ముందు ముందు ఎలా ఉపయోగపడిందో మీరే చూస్తారు.

1885లో బోసు కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్ర అధ్యాపకులయ్యారు. అదే పని చేసే ఐరోపావారి జీతంలో భారతీయులకు మూడింట రెండు వంతులే ఇచ్చేవారు. బోసు ఉద్యోగం తాత్కాలికం కనుక అందులోనూ సగమే ఇస్తామన్నారు. అంటే మూడో వంతు. ఆయన ఆ జీతం తీసుకోలేదు. అలాగని పాఠం మానలేదు. ఒకటి రెండు నెలలు కాదు, మూడు సంవత్సరాలు! ఇంట్లో తండ్రి అప్పుల్లో ఉన్నారు. 1887లో అబలా దాస్‌తో పెళ్లి కూడా అయింది. ఇల్లు ఎలా గడిచిందో ఊహించండి. చివరకు ప్రభుత్వం ఉద్యోగాన్ని ఖాయం చేసి, మూడేళ్ల జీతమూ పూర్తిగా చెల్లించింది. ఆ డబ్బు తండ్రి అప్పులు తీర్చడానికి పోయింది.

కళాశాలలో పరిశోధనకు తగిన ప్రయోగశాల లేదు. ఒక చిన్న గదిలో, శిక్షణ లేని ఒక రేకు పనివాని సాయంతో ఆయన పరికరాలు చేయించుకున్నారు. వాటితోనే 1895లో కలకత్తా టౌన్ హాలులో, కంటికి కనిపించని విద్యుత్ తరంగాలను గోడల గుండా పంపి అవతల గంట మోగించారు.

ఆ తరంగాలను పసిగట్టే లోహపు పరికరం ఎక్కువసేపు పనిచేస్తే అలసినట్టు మందగించడం ఆయన గమనించారు. కొంత విరామం ఇస్తే మళ్లీ కోలుకునేది. మరి మొక్కల మాట ఏమిటి? ఆయన మొక్కలను పరీక్షించడం మొదలుపెట్టారు. తాకినా, గిచ్చినా మొక్కలో స్వల్పంగా విద్యుత్తు పుడుతుందనీ, విషం తగిలితే ఆ స్పందన తగ్గి ఆగిపోతుందనీ 1901లో లండనులో చూపించారు. శరీరధర్మశాస్త్రజ్ఞులు కొందరు ఎదురు తిరిగారు. భౌతికశాస్త్రం వాడికి మొక్కలతో పని ఏమిటన్నది వారి అభ్యంతరం. రాయల్ సొసైటీ ఆయన వ్యాసాన్ని అచ్చు వేయక పక్కన పెట్టింది.

బోసు వాదనకు దిగి కాలం గడపలేదు. ఇంకా సున్నితమైన పరికరాలు తయారుచేశారు. మసి పూసిన గాజు పలక మీద మొక్క తన కదలికను తానే గీతగా గీసేలా ఒకటి చేశారు. మొక్క పెరుగుదలను పదివేల రెట్లు పెద్దదిగా చేసి చూపే క్రెస్కోగ్రాఫు మరొకటి. రోజుల తరబడి చూస్తే గాని తెలియని పెరుగుదల నిమిషాల్లో కంటికి కనిపించింది. 1920లో అదే రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా చేర్చుకుంది.

ఒక పొరపాటు దిద్దుకుందాం. మొక్కలకు ప్రాణముందని బోసు కనిపెట్టారని చాలామంది చెబుతారు. అది అంతకు ముందే అందరికీ తెలుసు. మొక్కల స్పందనను కొలవవచ్చని చూపడమే ఆయన చేసిన పని. అన్నీ సరిపోలేదు కూడా. కణాలు గుండెలా కొట్టుకుని నీటిని పైకి తోస్తాయన్న ఆయన సిద్ధాంతాన్ని శాస్త్రవేత్తలు అంగీకరించలేదు. మొక్కలో విద్యుత్ సంకేతాలుంటాయన్న మాట మాత్రం నిలిచింది.

మేఘనాద్ సాహా, సత్యేంద్రనాథ్ బోసు ప్రెసిడెన్సీలో ఆయన విద్యార్థులే. 1915లో ఉద్యోగ విరమణ చేసి, 1917 నవంబరు 30న, తన పుట్టినరోజున, కలకత్తాలో బోసు పరిశోధనా సంస్థను ప్రారంభించారు. హౌరా నుండి లిలువా మీదుగా సాగే రైలు మార్గంలో మధుపూర్ వద్ద చీలిన శాఖ గిరిడీ చేరుతుంది. ఆ గిరిడీలో 1937 నవంబరు 23న ఆయన మరణించారు.

ఇప్పుడు అత్తిపత్తి మొక్క దగ్గరకు వెళ్లండి. గడియారం, కాగితం, పెన్సిలు తీసుకుపోండి. ఒక రెమ్మను తాకి, అది తిరిగి విచ్చుకోవడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాయండి. కాడ మొదట్లో ఉబ్బెత్తుగా ఉన్న చోటును గమనించండి. అక్కడి కణాల నుండి నీరు తొలగిపోవడం వల్లనే కాడ వాలుతుంది. తరువాత అదే రెమ్మను విచ్చుకోనీయకుండా వెంటవెంటనే పదిసార్లు తాకి చూడండి. ఈసారి విచ్చుకోవడానికి పట్టిన నిమిషాలను మొదటి అంకె పక్కనే రాయండి.