ప్రసవ సెలవు వెనుక అంబేడ్కర్

ఏప్రిల్ 14 వస్తే గల్ఫ్‌లో మన తెలుగువాళ్లు కూడా అంబేడ్కర్ జయంతి జరుపుకుంటారు. అక్కడ మాట్లాడేవారంతా రాజ్యాంగం గురించే చెబుతారు. నాకైతే ఆయన కార్మిక శాఖ చూసిన నాలుగేళ్లు ఇంకా దగ్గరగా అనిపిస్తాయి. ఈరోజు ఆడవాళ్లకు జీతంతో దొరికే ప్రసవ సెలవు కథలో ఆయన పేరు రెండు మూడు చోట్ల వస్తుంది.

1891లో మౌలో పుట్టారు. తండ్రి సైన్యంలో సుబేదారు. తల్లి చిన్నతనంలోనే పోయారు. కొలంబియా, లండన్ చదువుల సంగతి మన పిల్లలకు కూడా తెలుసు. తెలియనిది ఇంటి సంగతి. ఆయనకూ రమాబాయికీ ఐదుగురు పిల్లలు పుడితే యశ్వంత్ ఒక్కడే మిగిలాడు. చిన్నవాడు రాజరత్న 1926లో పోయాడు.

రెండేళ్ల తర్వాత, 1928 జూలైలో, ఫ్యాక్టరీల్లో పనిచేసే స్త్రీలకు ప్రసవ భృతి ఇచ్చే బిల్లు బొంబాయి శాసనమండలికి వచ్చింది. అంబేడ్కర్ లేచి సమర్థించారు. కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి కావాలి, అది దేశానికే మేలు, కాబట్టి ఖర్చులో ప్రభుత్వం కూడా పాలు పంచుకోవాలి అన్నది ఆయన వాదన. పోయిన పిల్లల ప్రస్తావన అందులో లేదు. ఆ రెంటినీ కలిపి చూస్తున్నది నేనే.

ఖర్చు ఎవరిదన్న ఆ ప్రశ్న చిన్నది కాదు. మొత్తం భారం యజమాని మీదే పెడితే అతను చేసే మొదటి పని ఆడవాళ్లను పనిలోకి తీసుకోకపోవడం. పెళ్లయిన కొత్తలో హైదరాబాద్‌లో ఒక ఇంటర్వ్యూలో నన్ను కెమిస్ట్రీ కంటే ముందు పిల్లల గురించే అడిగారు.

బొంబాయిలో 1929లో చట్టం వచ్చింది. మన ఆంధ్ర జిల్లాలు అప్పుడు మద్రాసు కిందే కదా, అక్కడ 1934లో చేశారు. ఫ్యాక్టరీ ఆడవాళ్లకు దొరికింది గానీ గనుల్లో తట్టలు మోసేవాళ్లకు 1941 దాకా కేంద్ర చట్టం లేదు. 1942లో వైస్రాయి కౌన్సిల్‌లో అంబేడ్కర్ కార్మిక శాఖ తీసుకున్నారు. మరుసటి ఏడాదే గనుల చట్టంలో అస్పష్టంగా ఉన్న మాటల్ని సరిచేసే సవరణ పెట్టారు. చట్టంలో ఒక్క మాట అటూ ఇటూగా ఉన్నా నష్టపోయేది పచ్చి బాలింతే.

అదే 1943లో ఇంకొకటీ జరిగింది. యుద్ధానికి బొగ్గు కావాలని, స్త్రీలు భూగర్భంలో పనిచేయకూడదన్న నిషేధాన్ని ప్రభుత్వం ఎత్తేసింది. దాన్ని సభలో సమర్థించాల్సిన మంత్రి ఆయనే. జయంతి ప్రసంగాల్లో ఇది వినపడదు, కానీ దాచాల్సిన పనేముంది? 1945లో భూగర్భంలో పనిచేసే స్త్రీలకు ప్రసవ సెలవు పెంచారు, 1946లో నిషేధం తిరిగి వచ్చింది. ఫ్యాక్టరీ కార్మికులకు జీతంతో సెలవులు కూడా 1945లోనే వచ్చాయి. ఆయన శాఖ కాలంలోనే అదార్కర్ ఆరోగ్య బీమా నివేదిక ఇచ్చారు, దాని మీదే 1948లో ఈఎస్ఐ చట్టం నిలబడింది. జబ్బు చేసినా, కాన్పు వచ్చినా డబ్బు బీమా నిధి నుంచి వస్తుంది. ఒక్క యజమాని జేబు మీద పడదు. 1956 డిసెంబరులో ఆయన పోయారు. దేశమంతటికీ కలిపి ప్రసవ ప్రయోజన చట్టం 1961లో వచ్చింది.

ఇప్పుడు మనం ఉంటున్న చోటికి వద్దాం. సౌదీలో 2005 కార్మిక చట్టం ప్రసవ సెలవు పది వారాలు ఇచ్చింది, 2025 ఫిబ్రవరి నుంచి పన్నెండు వారాలైంది. తండ్రికి మూడు రోజులు. ఆస్పత్రుల్లో నర్సులుగా, స్కూళ్లలో టీచర్లుగా ఉన్న మన వాళ్లకు మంచి వార్తే. అయితే అదే చట్టంలోని 7వ అధికరణం ఇళ్లలో పనిచేసేవారిని బయట ఉంచి, వాళ్లకు వేరే నిబంధనలు పెట్టింది. ఇండియాలోనూ 2017లో 26 వారాలు చేశారు, పది మంది కూడా లేని దుకాణంలో పనిచేసే అమ్మాయికి అది వర్తించదు. ఇక మన ఇంట్లో అంట్లు తోమే ఆవిడ సంగతి చెప్పనక్కరలేదు.

గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి వచ్చి ఇక్కడి ఇళ్లలో వంట చేస్తూ, పిల్లల్ని చూసుకుంటున్న అక్కలు ఎంతమందో. ఈసారి జయంతికి వాళ్లనూ పిలిచి, వాళ్లకున్న నిబంధనలేమిటో తెలుగులో చదివి వినిపిద్దామని మా ఆడవాళ్లం అనుకున్నాం. శుక్రవారం పెడితే బాగుంటుందని ఒకరన్నారు. శుక్రవారమైతే ఇంటికి చుట్టాలొస్తారు, పని ఎక్కువ, సెలవివ్వరు అని ఒక అక్క చెప్పింది. రోజు ఇంకా కుదరలేదు.