సర్కారు పైసలతోని రేడియో నడిపిన ఫీల్డెన్

ఆల్ ఇండియా రేడియో పేరు తెల్వనోళ్లు లేరు. ఆ పేరు పెట్టించిన లయొనెల్ ఫీల్డెన్‌ను ఇయ్యాల తలుసుకునేటోళ్లు మాత్రం తక్కువ. ఆయన కథ ఎందుకు చెప్తున్ననంటే, సర్కారు సాయం ఎట్లుంటదో గండ్లనే కనవడ్తది.

1927ల బొంబాయి, కలకత్తాల స్టేషన్లు పెట్టిన ప్రైవేటు కంపెనీ మూడేండ్లకే మునిగింది. 1930 ఏప్రిల్ల బ్రిటిష్ సర్కారు దాన్ని చేతుల్లకు తీస్కున్నది, అదీ మనసుతోని కాదు. మరుసటేడే ఖర్చు భరించలేమని మూసెయ్యబోయింది. గొడవైతే ఆగింది. బయటికెళ్లి వచ్చే రేడియో సెట్ల మీద సుంకం పెంచి ఆ పైసలతోని నడిపింది. నన్నడిగితే, సర్కారు ఇచ్చిందనేది సగం ఇనేటోళ్ల జేబుల్లకెళ్లి గుంజిందే.

గసుంటి టైంల, 1935 ఆగస్టుల, బీబీసీ నుంచి ఫీల్డెన్ ఢిల్లీకొచ్చిండు. ‘ఇండియన్ స్టేట్ బ్రాడ్‌కాస్టింగ్ సర్వీస్’ అనే సర్కారు వాసనగొట్టే పేరు ఆయనకు అస్సలు గిట్టలే. దఫ్తర్ల ఎవ్వరూ మార్చనియ్యలే. ఒక దావత్‌ల వైస్రాయ్ లిన్‌లిత్‌గోను మాటల్ల వెట్టి, ‘ఆల్ ఇండియా’ అన్న మాట ఆయన నోటెంటనే రప్పిచ్చి, దానెంక ‘రేడియో’ తగిలిచ్చిండు. వైస్రాయే పెట్టిన పేరాయె, ఇంగ కాదనేదెవరు? 1936 జూన్ 8 నుంచి గదే పేరు.

లాహోర్ల ఇంగ్లిష్ పాఠాలు చెప్పే పత్రస్ బుఖారీని, ఆయన తమ్ముడు జుల్ఫికర్‌ను కొలువుల వెట్టుకున్నడు. బీబీసీ అంటే బుఖారీ బ్రదర్స్ కార్పొరేషన్ అని జనం నవ్వుకున్నరు. 1938 జూన్ 16న మద్రాస్ స్టేషన్ మొదలైంది. గంతకుముందు ఆడ కార్పొరేషనోళ్లు రేడియో నడిపేది. ఆల్ ఇండియా రేడియోల మన తెలుగు మాటకు జాగ దొరికింది గా మద్రాస్‌లనే.

గానీ మైకు తాళం సర్కారు చేతులనే ఉండె. ఫీల్డెన్‌కు గాంధీ, నెహ్రూలంటే అభిమానం. అయినా స్వరాజ్యం అడిగేటోళ్ల గొంతును ఆ మైకు దగ్గరికి తేలేకపోయిండు. పైసలిచ్చినోడే ఏం మాట్లాడాల్నో చెప్పిండు. ఏడాదికి పది రూపాయల లైసెన్సు కట్టి ఇనేటోళ్లు దేశం మొత్తంల లక్ష కూడ కాలే. ఇది పెద్ద ఫెయిల్యూర్ అని ఆయనే రాసుకున్నడు. నేనైతే అంత మాట అనను. 1940ల ఆయన పోయేనాటికి లాహోర్, పెషావర్, లక్నో, ఢాకా, తిరుచ్చి దాక స్టేషన్లు లేసినయ్.

1943ల బ్రిటిష్ పాలనను ఎండగడ్తు పుస్తకమే రాసిండు. గాంధీ ఢిల్లీ స్టేషన్ల మైకు ముందు కూసున్నది మాత్రం 1947 నవంబర్ 12న, ఆంగ్రేజోళ్లు పోయినంకనే.